అన్నదాత్రి డొక్కా సీతమ్మగారు

మా ఆలమూరునకు చేరువనున్న మండపేటలో 1841 సంవత్సరమున అనుపిండి భవానీశంకరముగారికిని నరసమ్మగారికిని సీతమ్మగారు జన్మించిరి. లంకలగన్నవర వాస్తవ్యులగు డొక్కా జోగన్నగారిని పరిణయమాడి, గోదావరీపాయల నడిమి యా గ్రామమున గృహిణీధర్మము నడపిరి.

ఆ కాలమున ఏరు దాటవలెనన్న పడవయే శరణ్యము. వరద వచ్చినచో బాటసారి రేవునందే నిలిచిపోవును. పల్లెయంగడిలో ఉప్పు, పప్పు, చింతపండు దొరకునుగాని ఆకలిగొన్నవానికి వండిన యన్నము దొరకదు. ఆ లోటును సీతమ్మగారి వంటయిల్లు తీర్చినది. వేళ యేదియైనను, అతిథి కులమేదియైనను, విస్తరి వేయక పంపుట యామె యెఱుఁగరు.

ఒకప్పుడామె అంతర్వేది స్వామి దర్శనార్థము పల్లకిలో పయనమైరి. త్రోవలో పెండ్లివారు కొందఱు, ఆకలికి తాళలేని బిడ్డలను, సీతమ్మగారి యిల్లు చేరిన భోజనము దొరకునని యోదార్చుట విని, యాత్ర మానుకొని, వారికన్న ముందుగా నిల్లు చేరి వంట సిద్ధపఱచిరని మేము పెద్దలవలన వింటిమి.

1909 లో ఆమె స్వర్గస్థులైరి. నేడు వైనతేయపాయపై గన్నవరపు అక్విడక్టు ఆమె పేరు దాల్చియున్నది. 2024 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకును ఆ పేరే పెట్టినది.

సీతమ్మగారు మనవారని ఈ మహాసభలో గర్వించుట యుచితమే. అయితే తన గుమ్మమున నిలిచినవానిని ఎవ్వరివాఁడవని యామె యడిగినది లేదు. ఆ గుణము నిలుపుకొన్ననాడే యామెను మనవారనుటకు మనకధికారము కలుగునని మేము తలంచుచున్నాము.