సర్వేపల్లి రాధాకృష్ణన్: బంధువు ఇచ్చిన పాత పుస్తకాలతో మొదలై.. ఆక్స్‌ఫర్డ్ పీఠం దాకా

సెప్టెంబర్ 5 వచ్చిందంటే చాలు.. తలపాగా, కళ్లజోడు ఉన్న ఆ ఫొటోకు ప్రతి స్కూల్లో దండ పడుతుంది. మాజీ రాష్ట్రపతి, భారతరత్న, టీచర్స్ డే.. ఇంతవరకు అందరికీ తెలిసిందే. మరి సర్వేపల్లి రాధాకృష్ణన్ క్లాసులో చెప్పిన పాఠం ఏంటి? మతాలను, తత్వాలను పక్కపక్కన పెట్టి చూడటమే ఆయన అసలు వృత్తి. నలభై ఏళ్లకు పైగా అదే పని చేశారు.

ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి ఊరిది. పుట్టింది మాత్రం 1888లో తిరుత్తణిలో. ఇప్పుడది తమిళనాడులో ఉంది. తండ్రి వీరాస్వామి జమీందారు దగ్గర చిన్న రెవెన్యూ ఉద్యోగి. డబ్బుకు ఇబ్బందే, చదువు సాగింది స్కాలర్‌షిప్పుల మీద. తిరుపతిలో లూథరన్ మిషన్ స్కూల్, వేలూరులో వూర్హీస్ కాలేజీ, ఆ తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. ఫిలాసఫీ తీసుకోవడం వెనక పెద్ద ఆలోచనేమీ లేదు. ఓ బంధువు తన పాత పుస్తకాలు ఇచ్చారు. కొనే ఖర్చు తప్పింది. అంతే.

అయితే కాలేజీలోనే ఆయనకు ఓ ప్రశ్న ఎదురైంది. హిందూ ఆలోచనలో నీతికి చోటు లేదు, లోకమంతా మాయ అనుకునేవాడికి మంచి చెడులతో పనేముంది అని అప్పట్లో మిషనరీలు విమర్శించేవారు. చిన్నప్పటి నుంచి ఇంట్లో చూసిన భక్తికి, క్లాసులో విన్న ఈ మాటకు పొంతన కుదరలేదు. అందుకే ఎంఏ థీసిస్‌కు వేదాంతంలోని నీతినే అంశంగా తీసుకున్నారు. క్రైస్తవ కాలేజీలో కూర్చుని ఆ విమర్శకే జవాబు రాయడం! ప్రొఫెసర్ ఆల్ఫ్రెడ్ జార్జ్ హాగ్‌కు కోపం వస్తుందేమోనని భయపడ్డారు. జరిగింది వేరు.. హాగ్ మెచ్చుకుని సర్టిఫికెట్ ఇచ్చారు. 1908లో ఆ థీసిస్ అచ్చయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు.

మరుసటి ఏడాది మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం. 1918లో మైసూరు మహారాజా కాలేజీ, 1921లో కలకత్తా యూనివర్సిటీలో ఐదో జార్జ్ పేరిట ఉన్న పీఠం. మైసూరు నుంచి వెళ్లేటప్పుడు విద్యార్థులు పూలతో అలంకరించిన బండిని తామే లాగుతూ రైల్వే స్టేషన్‌కు చేర్చిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

అసలు పేరు తెచ్చింది కలకత్తాలో ఉండగా వచ్చిన 'ఇండియన్ ఫిలాసఫీ'. మొదటి సంపుటం 1923లో, రెండోది 1927లో వెలువడ్డాయి. శంకరుడిని వివరిస్తూ ప్లేటో, కాంట్, బ్రాడ్లీలను పక్కకు తెచ్చారు. సంస్కృతం రాని ఇంగ్లీష్ పాఠకుడికి కూడా అది తనకు తెలిసిన సంభాషణలాగే అనిపించింది. ఆయన వాదన సూటిగా ఇదీ.. మతం అంటే సిద్ధాంతాల చిట్టా కాదు, అనుభవం. మాటలు వేరైనా ఆ అనుభవం అన్ని మతాల్లోనూ ఉంది.

అదే సమయంలో ఓ మచ్చ కూడా పడింది. రెండో సంపుటంలో తన థీసిస్ భాగాలు వాడుకున్నారని జదునాథ్ సిన్హా అనే అధ్యాపకుడు 1929లో 'మోడరన్ రివ్యూ' పత్రికలో ఆరోపించారు, కోర్టుకూ వెళ్లారు. ఇద్దరం అవే సంస్కృత మూలాలను అనువదించాం కాబట్టి పోలికలు సహజమని రాధాకృష్ణన్ వాదించారు. పరువునష్టం కేసు ఎదురు వేశారు. 1933లో కోర్టు బయట రాజీ కుదిరి, ఇద్దరూ కేసులు వెనక్కి తీసుకున్నారు. అందుకే తీర్పు అంటూ ఏదీ రాలేదు. ఏటా టీచర్స్ డే నాడు సోషల్ మీడియాలో ఇది మళ్లీ తిరుగుతుంటుంది.. రాజీ సంగతి మాత్రం చాలా పోస్టుల్లో కనిపించదు.

కేసు నడుస్తుండగానే 1931లో ఆంధ్ర యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా వాల్తేరు వచ్చారు. వర్సిటీ పెట్టి ఐదేళ్లే అయింది. ఎక్కడ ప్రతిభ కనిపిస్తే అక్కడి నుంచి మనుషులను తెచ్చారు. హుమాయున్ కబీర్, హిరేన్ ముఖర్జీ, సైన్స్‌లో టి.ఆర్.శేషాద్రి, సూరి భగవంతం.. వీళ్లంతా ఆ రోజుల్లో అక్కడ పాఠాలు చెప్పినవాళ్లే.

1936లో ఆక్స్‌ఫర్డ్ పిలిచింది. ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రానికి కొత్తగా ఏర్పాటు చేసిన స్పాల్డింగ్ పీఠానికి ఆయనే మొదటి ప్రొఫెసర్. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ పీఠం దక్కిన తొలి భారతీయుడు కూడా ఆయనే. 1952లో ఉపరాష్ట్రపతి అయ్యేదాకా ఆ పీఠం ఆయనదే. మధ్యలో కాశీ హిందూ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్, మాస్కోలో రాయబారి.. ఇవన్నీ ఉన్నాయి.

ఆయన పోలికలో తక్కెడ సమానంగా లేదన్న విమర్శ కూడా ఉంది. ఇది కొట్టిపారేసేది కాదు. అన్ని మతాలకూ చోటిచ్చారు గానీ పై మెట్టు మాత్రం అద్వైతానికే. 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఉపాసకులకు వరుస కట్టారు.. నిర్గుణ బ్రహ్మాన్ని కొలిచేవారు అందరికన్నా పైన, చిల్లర శక్తులను, భూతాలను కొలిచేవారు అట్టడుగున. ఆయన చదువుకున్న తిరుపతిలోనే జరిగే గంగమ్మ జాతర ఈ వరుసలో ఏ మెట్టు మీద నిలబడుతుంది? పోలేరమ్మకు పొంగళ్లు పెట్టే ఊళ్లకు ఆ లెక్క అంత తేలిగ్గా మింగుడుపడదు. క్రైస్తవం మీద మిషనరీలు చేసిన పనినే ఆయన వేదాంతం వైపు నుంచి చేశారని అనేవాళ్లూ ఉన్నారు. అయితే అప్పట్లో భారతీయ తత్వాన్ని చాలా యూరప్ వర్సిటీల్లో భాషాశాస్త్రంలో భాగంగా చూసేవారు. దాన్ని బతికున్న ఆలోచనగా చర్చించేలా చేసినవాళ్లలో ఆయనది ముందు వరుస.

1967లో రాష్ట్రపతి పదవి ముగిశాక మద్రాస్ వెళ్లిపోయారు. 1975లో టెంపుల్టన్ బహుమతి వచ్చేసరికి ఆరోగ్యం బాగా క్షీణించింది. ఆ సొమ్ము ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకే ఇచ్చేశారు. అదే ఏడాది ఏప్రిల్ 17న మద్రాస్‌లో కన్నుమూశారు.