విద్యుత్తునకు తూకము నేర్పిన మైకేలు ఫారడే

నేడు మన యిండ్లలోని రేడియో, టెలిఫోను మొదలగు యంత్రముల మూత తీసి చూచినచో లోపల పచ్చని పలక యొకటి కనబడును. దానిమీద తీగలకు మారుగా సన్నని రాగి గీతలు పరవబడియుండును. పలకకు ఇరువైపుల గీతలున్నపుడు వానిని కలుపుటకు సన్నని రంధ్రములు తొలిచి, ఆ రంధ్రముల లోపలి గోడలకు రాగిపూత పట్టింతురు. ఈ పని పెద్ద కర్మాగారములలోనే గాక, ఓపికగల యువకుల యిండ్లలోని చిన్న తొట్టెలలోను జరుగుచున్నది. ఎంత విద్యుత్తు పంపినచో ఎంత రాగి యంటుకొనునో వారు ముందుగనే లెక్కవేసికొందురు. ఆ లెక్కను లోకమునకు తెలిపినవాడు ఉన్నత గణితము నేర్వని యొక కమ్మరి కుమారుడు. అతడే మైకేలు ఫారడే.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను నగర సమీపమున జన్మించెను. తండ్రి తరచు వ్యాధిగ్రస్తుడై పనికి పోజాలకుండెను. 1801లో ఆహారపు ధరలు మిక్కుటముగా పెరిగినపుడు బాలునకు వారమంతటికి ఒక రొట్టె మాత్రమే లభించెడిదట. చదువను, వ్రాయను, లెక్కించను కొంచెము నేర్చిన పిమ్మట జార్జి రీబో అను పుస్తకవ్యాపారి యంగడిలో పనికి కుదిరెను. 1805 మొదలు ఏడు సంవత్సరములు అక్కడనే పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనెను.

ఇతర బాలురు పుస్తకము వెలుపలి భాగమును మాత్రమే చూడగా, ఫారడే లోపలి భాగమును గూడ చూచెను. తన చేతికి వచ్చిన విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసమును, మార్సెటు దొరసాని రచించిన రసాయనశాస్త్ర సంభాషణములను శ్రద్ధతో చదివెను. చదివినదానిని పరీక్షింపక నమ్ముట యతనికి అలవాటు లేదు. 1812లో ఏడు అర్ధపెన్నీ రాగి నాణెములను, అదే పరిమాణమున తాను కత్తిరించిన ఏడు జింకు బిళ్లలను తీసికొని, నడుమ ఉప్పునీటిలో తడిపిన కాగితపు ముక్కలుంచి పేర్చెను. ఆ చిన్న దొంతినుండి పుట్టిన విద్యుత్తుతో ఒక లవణమును విడదీయగలిగెను. విద్యుత్తుతో రసాయన ద్రవ్యములను విడదీయు విద్యకు అతడు చేసిన సేవ ఇట్లు కొన్ని చిల్లర నాణెములతో నారంభమయ్యెను.

ఆ సంవత్సరమే అంగడికి వచ్చు నొక పెద్దమనిషి దయవలన రాయలు ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ చేసిన నాలుగు ఉపన్యాసములను వినుట తటస్థించెను. విన్నదంతయు చక్కగా వ్రాసి, తానే అట్ట కట్టి, డేవీకి పంపెను. 1813 మార్చి 1వ తేదీన వారమునకు 25 షిల్లింగుల జీతముపై ప్రయోగశాలలో సహాయకుడయ్యెను. 1825లో ఆ ప్రయోగశాలకే అధికారియై, ఆ యేడే బెంజీనును కనుగొనెను. 1831లో అయస్కాంతము కదలికవలన తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని నిరూపించెను.

మన ప్రస్తుత విషయమునకు ముఖ్యమైనది 1833వ సంవత్సరము. ద్రావకముగుండా విద్యుత్తు ప్రవహించినపుడు పదార్థములు విడిపోవుట అంతకుముందే తెలిసియుండెను. ఎంత విడిపోవునో చెప్పగలవారు లేరు. ఫారడే లోహపు పలకల పరిమాణమును మార్చెను. ఆమ్లపు గాఢతను మార్చెను. విద్యుత్తు పరిమాణము ఒకటియే యైనచో విడిపడు పదార్థము ఒకటియే యని కనుగొనెను. మరియు 1 గ్రాము హైడ్రోజనును విడదీయు విద్యుత్తే సుమారు 31.8 గ్రాముల రాగిని, 108 గ్రాముల వెండిని నిలుపునని అతని రెండవ సూత్రమువలన తెలియుచున్నది. 1834లో విలియం హ్యూయెలు అను పండితుని సలహాతో అతడు ప్రచురించిన ఆనోడు, కాథోడు, అయాను అను పేర్లే నేటికిని మన పాఠ్యపుస్తకములలో నున్నవి.

ఈ సూత్రముల ఫలము త్వరలోనే పనివారి చేతికి వచ్చెను. రష్యా దేశములో జాకోబీ అను శాస్త్రజ్ఞుడు విద్యుత్తుతో రాగి ప్రతిరూపములు చేయు విధానమును కనుగొని, 1839లో దానిని వివరించుచు ఫారడేకే లేఖ వ్రాసెను. మైనపు అచ్చు విద్యుత్తును పోనీయదు గనుక, పనివారు దానిపై గ్రాఫైటు పొడి రాచి, పిమ్మట రాగి పట్టించిరి. దాదాపు నూరేండ్ల తరువాత, 1936 ప్రాంతమున, వియన్నానుండి లండనుకు వచ్చిన పాల్ ఐస్లరు ముద్రించిన రాగి గీతలతో రేడియోను నిర్మించెను. నేడు ఇంటిలో పలకలు చేయువారు రంధ్రపు గోడలకు పూయునదియు బొగ్గు లేక గ్రాఫైటు కలిపిన సిరాయే. పిమ్మట పలకను మైలుతుత్తము, గంధకామ్లము కలిసిన నీటిలో రాగి రేకుల నడుమ వ్రేలాడదీసి, పలకను ఋణధ్రువమునకును, రేకులను ధనధ్రువమునకును కలుపుదురు. రేకులనుండి కరగిన రాగి పలకను చేరును.

ఇక లెక్క చూడుడు. ఒక ఆంపియరు ప్రవాహము ఒక గంటలో సుమారు 1.19 గ్రాముల రాగిని నిలుపును. 100 చదరపు సెంటీమీటర్ల తలముపై మిల్లీమీటరులో 40వ వంతు మందము గల పూతకు 2.24 గ్రాముల రాగి కావలెను. 2 ఆంపియర్లు పంపినచో సుమారు 57 నిమిషములు పట్టును. తొందరపడి ప్రవాహమును మితిమీరి హెచ్చించినచో రాగి నల్లని పొడియై రాలును. అంచులందు మందముగను, రంధ్రము నడుమ పలుచగను పట్టును. మొత్తము రాగి యెంతయో సూత్రము చెప్పును. అది సమముగా పరచుకొనుట పనివాని యోర్పుపై నాధారపడియుండును. బయటికి మెరయు పలకయైనను, రంధ్రము నడుమ పూత తెగినచో యంత్రము పలుకదు.

కనబడనిచోట గూడ పని చక్కగా నుండవలెనను నియమము ఫారడే జీవితమునను గలదు. వర్తకులకు పరీక్షలు చేసి ధనికుడగుటకు వీలున్నను, పరిశోధనకొరకు ఆ యాదాయమును చాలవరకు విడిచెను. సర్ అను బిరుదమును, రాయలు సొసైటీ అధ్యక్షపదవిని నిరాకరించెను. ఒక చిన్న క్రైస్తవ సంఘమునకు పెద్దగా నుండి దీనులను, రోగులను దర్శించెను. బాలబాలికలకొరకు క్రిస్మసు దినములలో ఉపన్యసించి, ఒక క్రొవ్వొత్తినుండి రసాయనశాస్త్రమంతయు బోధించెను. తుదకు జ్ఞాపకశక్తి క్షీణింపగా, రాణి విక్టోరియా యొసగిన హాంప్టను కోర్టులోని గృహమున 1867 ఆగస్టు 25వ తేదీన కన్నుమూసెను. అతని సమాధి హైగేటు శ్మశానమున నిరాడంబరమైన రాతిక్రింద నున్నది.

విద్యార్థులారా! మీకు గొప్ప ప్రయోగశాల లేదని చింతింపకుడు. ఏడు నాణెములు, ఏడు జింకు బిళ్లలు ఫారడేకు చాలెను. ఐనను, ఆమ్లములతోడి పని పెద్దల యెదుటనే చేయుడు. ఆమ్లమును నీటిలో పోయవలెనే గాని నీటిని ఆమ్లములో పోయరాదు. పంపిన విద్యుత్తునకు తగినంత రాగియే పలకపై నిలుచును. ఋజువైన శ్రమకు తగినంత విద్యయే మనయందు నిలుచును.