నూనె చుక్కకు లెక్క నేర్పిన మనిషి – ఎలైజా మెక్‌కాయ్

ప్రతి నెలా మన గోడపత్రికలో ఒక మహనీయుని జీవితం రాసుకుంటున్నాం. గాంధీ తాత, అంబేద్కర్, కొమురం భీం అయిపోయారు. ఈసారి నా వంతు వచ్చింది. నేను రాసే మనిషి పేరు మన దగ్గర ఎక్కువ మంది విని ఉండరు. అమెరికాలో మాత్రం బడిపిల్లలకు కూడా తెలుసు. ఆయన పేరు ఎలైజా మెక్‌కాయ్. ఆయన రాజు కాదు, యుద్ధం చేయలేదు. యంత్రానికి నూనె ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి అన్న చిన్న సంగతి మీద జీవితమంతా గడిపాడు.

ఇది చిన్న సంగతా అని మీరు అడగొచ్చు. ముందు మన ఎడ్లబండి దగ్గరికి పోదాం. ఇరుసుకు కందెన వేయకపోతే చక్రం కీచుమని ఏడుస్తుంది. ఎండుగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి మా తాత కందెన చేసేవాడు. వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవాడు. కందెన పెట్టే పని నాది. ఒకసారి సోమరితనంతో పెట్టకుండానే పెట్టానని చెప్పాను. రెండు కోసులు పోయేసరికి చక్రం బిగుసుకుంది, ఎడ్లు నోట నురగలు కక్కాయి. తాత నన్ను ఒక్క మాట అనలేదు. దిగి, ఎడ్ల మెడలు నిమిరి, తానే కందెన పెట్టుకున్నాడు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది. సుమతీ శతకం రాసిన కవి కూడా కరణం సంగతి చెప్పడానికి ఇరుసు, కందెనల పోలికే తెచ్చాడని మన తెలుగు సార్ చెప్పారు. అంటే ఈ ముచ్చట మన పెద్దలకు ఎప్పటినుంచో తెలుసు.

తిరిగే ఇరుసును మోసే చోటును యంత్రాల్లో బేరింగు అంటారు. ఇనుము మీద ఇనుము రాసుకుంటే వేడి పుడుతుంది, అరుగుతుంది, చివరికి పట్టేస్తుంది. మధ్యలో సన్నని నూనె పొర ఉంటే రెండూ ఒకదాన్ని ఒకటి తాకవు. ఆ పొర ఎండిపోకుండా చూడటమే అసలు పని. దీన్ని మనసులో పెట్టుకుని మెక్‌కాయ్ కథ వినండి.

అప్పట్లో అమెరికాలో నల్లవాళ్లను పశువుల్లా కొనేవారు, అమ్మేవారు. కెంటకీ అనే రాష్ట్రంలో జార్జి, మిల్‌డ్రెడ్ అనే భార్యాభర్తలు బానిసలుగా ఉండేవారు. వాళ్లు అక్కడి నుంచి తప్పించుకుని కెనడాకు పారిపోయారు. ఇలా పారిపోయేవారికి సాయపడటానికి దారి పొడవునా కొందరు మంచి మనుషులు రహస్యంగా ఇళ్లు తెరిచి ఉంచేవారు. ఆ దారిని భూగర్భ రైలుమార్గం అని పిలిచేవారు. నిజానికి అక్కడ రైలూ లేదు, పట్టాలూ లేవు. చీకటి, అడవి, నడక, భయం మాత్రమే ఉన్నాయి. కెనడా బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉండేది. అక్కడ 1834 నుంచి బానిసత్వం చెల్లదు. అందుకే సరిహద్దు దాటితే మనిషి మనిషయ్యేవాడు.

ఆ దంపతులకు 1844 మే 2న ఒంటారియోలోని కోల్చెస్టర్ అనే ఊళ్లో ఎలైజా జన్మించాడు. వాళ్లకు మొత్తం 12 మంది పిల్లలు. ఎలైజాకు చిన్నప్పటినుంచి యంత్రాలంటే మోజు. తల్లిదండ్రులు అది కనిపెట్టారు. తాము బానిసలుగా బతికినా కొడుకు చదువుకోవాలనుకున్నారు. 15 ఏళ్ల వయసులో అతన్ని సముద్రం దాటించి స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరానికి పంపించారు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మనం హాస్టల్లో చేరిన మొదటి వారం దుప్పటి ముసుగులో ఎంత ఏడ్చామో మనకు తెలుసు. శనివారం వస్తే గేటు వైపే చూసేవాళ్లం. గోడ దూకి ఊరికి పోయినవాళ్లు కూడా మనలో ఉన్నారు, పేర్లు రాయను. ఆ పిల్లవాడు పోయింది మహాసముద్రం అవతలికి. ఆదివారం కలవడానికి అమ్మ రాదు, ఫోను లేదు. అయినా ఉండి మెకానికల్ ఇంజనీరింగు పని నేర్చుకున్నాడు. యోగ్యతాపత్రం పుచ్చుకుని ఇంజనీరుగా తిరిగి వచ్చాడు.

అమెరికాలో బానిసత్వం 1865లో చట్టప్రకారం రద్దయింది. చట్టం మారినంత తొందరగా మనసులు మారలేదు. మిచిగన్ రాష్ట్రంలో యిప్సిలాంటి అనే ఊళ్లో ఉన్న తనవాళ్ల దగ్గరికి వచ్చి ఎలైజా ఉద్యోగం వెతికాడు. చేతిలో ఇంజనీరు సర్టిఫికెట్టు ఉంది. కానీ నల్లవాడికి ఇంజనీరు పని ఇచ్చేవాళ్లు లేరు. మిచిగన్ సెంట్రల్ రైల్‌రోడ్డులో దొరికింది ఫైర్‌మన్ పని. అంటే పొయ్యిలోకి పారతో బొగ్గు వేయాలి. బండి ఆగినప్పుడల్లా దిగి, నూనె డబ్బా పట్టుకుని ఇంజను చుట్టూ తిరిగి నూనె పోయాలి. ఇంజనీరు చదువు చదివినవాడి చేతికి పార, నూనె డబ్బా ఇచ్చారు.

నాకు ఈ చోట గుండె బరువెక్కింది. ఎందుకో చివర్లో చెప్తాను.

ఇప్పుడు నూనె సంగతి. ఆవిరి ఇంజనులో నూనె కావలసిన చోట్లు చాలా ఉంటాయి. చక్రాల ఇరుసుల దగ్గర పని కొంత తేలిక. నూనె గిన్నెలో ఉన్ని వత్తి వేసి దాని రెండో కొస బేరింగు మీదికి వేలాడదీస్తే చాలు. మన దీపం వత్తి నూనెను పైకి పీల్చినట్టే అది కూడా పీల్చి చుక్కచుక్కగా దింపుతుంది. కష్టమల్లా సిలిండరు దగ్గర. సిలిండరులో పిస్టను ముందుకూ వెనక్కూ కదులుతుంటుంది. లోపల ఆవిరి గొప్ప ఒత్తిడితో ఉంటుంది. మూత తీసి నూనె పోద్దామంటే నూనె లోపలికి పోదు సరికదా, ఆవిరి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. అందుకని బండి ఆపాలి, లేదా ఆవిరి కట్టేసినప్పుడు చూసుకుని పోయాలి. ఆపితే కాలం దండగ, ఆపకపోతే యంత్రం అరుగుతుంది.

మెక్‌కాయ్ రోజూ ఈ పనే చేస్తూ దీన్నే ఆలోచించాడు. నూనె పోయనీయకుండా అడ్డుపడుతున్నది ఆవిరే కదా, ఆ ఆవిరి చేతనే నూనె పోయిస్తే ఎట్లా ఉంటుంది? ఆయన చేసిన ఏర్పాటు సంగ్రహంగా ఇది. సిలిండరు మీద ఒక నూనె గిన్నె. దాని లోపల నిలువుగా ఒక కడ్డీ, కడ్డీకి ఒక వాల్వు. ఆవిరి వచ్చినప్పుడు దాని ఒత్తిడికి చిన్న పిస్టను కదిలి వాల్వును తెరుస్తుంది, నూనె దిగుతుంది. ఆవిరి ఆగిపోతే వాల్వు మూసుకుంటుంది, నూనె వృథా కాదు. యంత్రం నడిస్తేనే నూనె, ఆగితే బందు. మనిషి దిగనక్కరలేదు. (పక్కన స్కెచ్ పెన్నుతో వేసిన బొమ్మ చూడండి. ఎర్రగీత ఆవిరి, పచ్చగీత నూనె.) దీనికి 1872లో ఆయనకు అమెరికా ప్రభుత్వం పేటెంటు ఇచ్చింది. దాని సంఖ్య 1,29,843.

ఒక కాకతాళీయం చెప్తాను. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. మన సింగరేణి కథ అక్కడే మొదలైంది. దాని మరుసటి ఏడే అమెరికాలో బొగ్గు పార పట్టిన మనిషికి ఈ పేటెంటు వచ్చింది.

నిజం నిజంగా రాయాలి కాబట్టి ఇంకొక సంగతి. తనంతట తాను నూనె పోసుకునే పరికరం ప్రపంచంలో మొదట చేసింది మెక్‌కాయ్ కాదు. ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంజనీరు 1860లోనే ఒకటి చేశాడు. దాన్ని మీరు మెస్సులో కూడా పరీక్షించవచ్చు. గ్లాసులో సగానికి పైగా నూనె పోయండి. మెల్లగా నీళ్లు కలపండి. నీళ్లు బరువు, అడుక్కు పోతాయి. నూనె పైకి లేచి అంచు దాటి పొర్లుతుంది. (వంటమనిషి అన్నను అడిగి చేయండి, నా పేరు చెప్పకండి.) రామ్స్‌బాటమ్ పరికరంలో ఆవిరి చల్లబడి నీరవుతుంది, ఆ నీరు నూనెను పైకి నెట్టి సిలిండరులోకి పంపుతుంది. మెక్‌కాయ్ గొప్పతనం మొదటివాడు కావడంలో లేదు. ఒకటి చేసి ఊరుకోకుండా దాన్ని 50 ఏళ్లు బాగుచేస్తూ పోయాడు, అదీ ఆయన గొప్పతనం. మొత్తం 57 దాకా పేటెంట్లు పొందాడు. ఎక్కువ భాగం నూనె పరికరాలే. ఇస్త్రీ చేసే మడత బల్లకూ, పచ్చికకు నీళ్లు చల్లే సాధనానికీ కూడా పేటెంట్లు ఉన్నాయి.

ఇంటి సంగతులు క్లుప్తంగా రాస్తాను. 1868లో యాన్ ఎలిజబెత్ స్టువర్ట్‌ను పెళ్లి చేసుకున్నాడు. పేటెంటు వచ్చిన 1872లోనే ఆమె చనిపోయింది. మరుసటి ఏడు మేరీ ఎలినార్ డెలానీని పెళ్లాడాడు. 1882లో డెట్రాయిట్ నగరానికి చేరారు. మేరీ సామాన్యురాలు కాదు. దిక్కులేని నల్లజాతి ముసలమ్మల కోసం 1898లో డెట్రాయిట్‌లో ఒక ఆశ్రమం పెట్టినవారిలో ఆమె ముఖ్యురాలు.

మరి ఇన్ని పేటెంట్లు ఉంటే కోటీశ్వరుడు అయ్యుండాలి కదా? కాలేదు. ఫ్యాక్టరీ పెట్టడానికి ఆయన దగ్గర డబ్బు లేదు. అందుకని పేటెంటు హక్కుల్లో చాలావాటిని ఇతరులకు రాసిచ్చి, ఆ డబ్బుతో తర్వాతి పరికరం తయారుచేసుకున్నాడు. విత్తనాలు కొనడానికి పంట రాకముందే అమ్ముకునే రైతు లాంటి బతుకు. లాభం కొన్నవాళ్లకు పోయింది. పరికరాల మీద చాలాసార్లు ఆయన పేరు కూడా ఉండేది కాదు.

తర్వాత రైలు ఇంజనుల్లో ఆవిరిని ఇంకా ఎక్కువ వేడిచేసి వాడటం మొదలైంది. ఆ వేడికి మామూలు నూనె నిలవదు. అప్పటికి మెక్‌కాయ్ 70 దాటిన ముసలివాడు. అయినా కూర్చోలేదు. నూనెలో గ్రాఫైట్ పొడి కలిపి అందించే పరికరం చేశాడు. గ్రాఫైట్ అంటే మన పెన్సిల్ ముల్లులో ఉండేదే. వేలితో రుద్ది చూడండి, ఎంత నున్నగా జారుతుందో. బొగ్గు, గ్రాఫైట్ రెండింటిలోనూ ఉండేది కార్బనే అని సైన్సు సార్ చెప్పారు. 1920లో, 76 ఏళ్ల వయసులో, తన పేరుతో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. హైదరాబాదు దక్కన్ కంపెనీ స్థానంలో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది కూడా 1920లోనే.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. 1922లో కారు ప్రమాదం జరిగింది. ఆ దెబ్బలతో మేరీ పోయింది. ఆయన మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. డబ్బు కరిగిపోయింది, ఆరోగ్యం పాడైంది. చివరికి ఎలోయిస్ అనే చోట బీదల ఆస్పత్రిలో చేరి, 1929 అక్టోబరు 10న 85 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. వేల ఇంజనులను అరగకుండా కాపాడిన మనిషి అరిగిపోయి పోయాడు.

ఇంగ్లీషులో అసలు సిసలైన వస్తువును ది రియల్ మెక్‌కాయ్ అంటారు. ఈయన పరికరమే కావాలని కొనేవాళ్లు అడగడం వల్ల ఆ మాట పుట్టిందని చాలా పుస్తకాల్లో రాస్తారు. నేనూ మొదట అదే రాద్దామనుకున్నాను. కానీ స్కాట్లాండులో అట్లాంటి మాటే, రియల్ మెకై అని, 1856లోనే అచ్చులో ఉంది. అప్పటికి ఎలైజా 12 ఏళ్ల పిల్లవాడు. కాబట్టి ఆ కథను నమ్మలేం. ఆయన గొప్పతనానికి ఆ కథ అవసరం కూడా లేదు. 2001లో ఆయన్ను అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరంలో చేర్చారు. 2012లో డెట్రాయిట్‌లో తెరిచిన పేటెంటు కార్యాలయానికి ఆయన పేరు పెట్టారు. ఏ కాగితాలైతే బతికుండగా ఆయన చేతిలో నిలవలేదో, ఆ కాగితాలిచ్చే ఆఫీసు మీద ఇప్పుడు ఆయన పేరుంది.

ఇదంతా మనకెందుకు అంటారా? మా మామ గోదావరిఖనిలో ఒక బాయిల ఫిట్టరు. నేను సెలవులకు పోయినప్పుడు ఆయన చెప్పిన సంగతులు రాస్తున్నాను. ఇప్పుడు ఆవిరి లేదు, కరెంటు మోటార్లు వచ్చాయి. కానీ బేరింగు ఉన్నచోటల్లా కందెన గొడవ ఉంటుంది. ఓపెన్‌కాస్టులో పెద్ద పెద్ద యంత్రాలకు ఒకే డబ్బా నుంచి సన్నని పైపుల ద్వారా ఒక్కో బేరింగుకూ టైము ప్రకారం గ్రీజు పోయే ఏర్పాటు ఉంటుంది. కొన్నిచోట్ల చేత్తో గ్రీజు గన్ను కొట్టాలి. తక్కువైతే బేరింగు పట్టేస్తుంది. ఎక్కువ కూరితే గ్రీజు లోపల చిలికినట్టయి అదీ వేడెక్కుతుంది. భూగర్భ బాయిల బేరింగు మండితే ఊరికే యంత్రం ఆగడంతో పోదు. పక్కనే బొగ్గుదుమ్ము, రబ్బరు బెల్టు. నిప్పంటుకుంటే లోపలున్న మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే మామ నడిచే యంత్రం పక్కనుంచి పోతూ చెవి పెట్టి వింటాడు. బేరింగు చప్పుడు మారితే ఆయనకు నిద్రలో కూడా తెలుస్తుందని మా అత్త నవ్వుతుంది.

ఇక నా గుండె ఎందుకు బరువెక్కిందో చెప్తాను. మా అన్న ఐటీఐ ఫిట్టరు పాసయ్యాడు, మంచి మార్కులు. ఒక కాంట్రాక్టరు దగ్గర పని దొరికింది. ఫిట్టరు పని కాదు, బెల్టు కింద రాలిన బొగ్గు పారతో ఎత్తే పని. సర్టిఫికెట్టు అమ్మ పెట్టెలో ఉంది. అన్న పని మానేస్తానంటున్నాడు. నేను ఈ వ్యాసం రాసేముందు మెక్‌కాయ్ కథ అన్నకు చెప్పాను. కష్టపడితే ఫలితం వస్తుందని నీతి చెప్పబోయాను. అన్న మధ్యలో ఆపి, మరి ఆయన బీదల ఆస్పత్రిలో ఎందుకు చచ్చిపోయాడని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

రెండు రోజులు ఆలోచించాను. ఇంజనీరుకు పార ఇవ్వడం అన్యాయమే. ఆయన గొప్పవాడైనంత మాత్రాన ఆ అన్యాయం న్యాయం కాదు. మన చదువుకు తగిన పని అడిగే హక్కు మనకుంది, అడగాలి. కానీ పార చేతికొచ్చిన రోజు కూడా ఆయన కళ్లు మూసుకోలేదు. తన ముందున్న యంత్రం ఎందుకు ఆగుతోందో చూశాడు. ఆ చూపును ఆయన నుంచి ఎవరూ తీసుకోలేకపోయారు. అన్నకు ఈ మాటే ఉత్తరంలో రాశాను. జవాబు ఇంకా రాలేదు. వస్తే వచ్చే నెల పత్రికలో రాస్తాను.

చివరగా వార్డెన్ సార్‌కు ఒక మనవి. మన బోరు మోటారు నాలుగు రోజులుగా కీచుమంటోంది. దయచేసి చూపించగలరు.

ఇట్లు,
మీ సహవిద్యార్థి, పదో తరగతి