సొంతవారి ఓట్లే దించిన ఆంధ్రకేసరి

1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు గుండె చూపిన టంగుటూరి ప్రకాశం పంతులుగారిని గద్దె దించింది తెల్లవారు కాదు, సొంత పార్టీవారే.

ఒంగోలు సమీపాన వినోదరాయునిపాలెంలో 1872 ఆగస్టు 23న ఆయన జన్మించారు. బారిష్టరుగా లక్షలు గడించి, ఆ ఆస్తినంతా ఉద్యమానికీ, స్వరాజ్య పత్రికకూ ధారపోశారు.

1946లో మద్రాసు శాసనసభ కాంగ్రెసు సభ్యులు గాంధీజీ సలహాను సైతం కాదని ఆయనను నాయకునిగా ఎన్నుకున్నారు. పంతులుగారు కొత్త బట్టల మిల్లులు వద్దన్నారు. ఖద్దరుతో, ఫిర్కా అభివృద్ధి పథకంతో పల్లెలను నిలబెట్టాలని పూనుకున్నారు. పార్టీలో పలువురికి ఇది గిట్టలేదు. ముఠాలు బలిశాయి. ఏడాది తిరక్కుండానే, 1947 మార్చిలో, ఓటువేసి ఎక్కించిన చేతులే ఆయనను దించివేశాయి.

ఆ గాయం మానలేదు. 1951లో కాంగ్రెసును విడిచి ప్రజాపార్టీ పెట్టారు. 1953 అక్టోబరు 1న కాంగ్రెసు మద్దతుతోనే ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది నవంబరులో ఆ ప్రభుత్వమూ ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

అయినా పంతులుగారు పల్లె జనానికి దూరం కాలేదు. 85వ ఏట మండుటెండలో ఒంగోలు ప్రాంతం తిరిగి, వడదెబ్బ తగిలి 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరే పెట్టారు.