న్యాయమూర్తి సర్ టి. ముత్తుస్వామి అయ్యర్ – కొట్టివేసిన దావాకు పునఃప్రతిష్ఠ



జీర్ణమైన ఆలయాన్ని ఉద్ధరించి స్వామిని పునఃప్రతిష్ఠించుకొన్న ఈ శుభవేళ మీరందరూ ధన్యులు. అయితే విమానగోపురాన్ని, ధ్వజస్తంభాన్ని నిలుపుకొన్నట్లే స్వామివారి మాన్యాన్ని నిలుపుకోవడమూ మన ధర్మమే. మాన్యం వివాదంలో పడినప్పుడు స్వామి న్యాయస్థానానికి నడచి వెళ్లరు. చట్టం దృష్టిలో దేవతామూర్తి ఆస్తికి హక్కుదారు; కాని దావా విషయంలో మైనరుతో సమానం. ధర్మకర్త, ఆయన నియమించిన వకీలు స్వామి పక్షాన మాట్లాడాలి. వాయిదా నాడు ఆ వకీలు రాకపోతే దావా గైర్హాజరు కింద కొట్టివేతకు గురి కావచ్చు. పొరపాటు ఒకరిది, నష్టం స్వామిది! ఈ అన్యాయానికి విరుగుడైన న్యాయసూత్రం బలపడిన కాలంలో మద్రాసు హైకోర్టు పీఠాన్ని అలంకరించిన మహనీయులు సర్ తిరువారూరు ముత్తుస్వామి అయ్యర్ గారు. వారి చరిత్ర మీరు తప్పక తెలుసుకోదగినది.

అయ్యర్ గారు 1832 జనవరి 28న తంజావూరు జిల్లాలో నిరుపేద బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, గ్రామ కరణం వద్ద నెలకు ఒక్క రూపాయి జీతానికి సహాయకునిగా చేరారు. తన పేరే గల తహసీల్దారు ముత్తుస్వామి నాయకర్ ఆ బాలుని సూక్ష్మబుద్ధిని గుర్తించి, తిరువారూరు నుండి నాగపట్నానికి, అటుపై మద్రాసుకు పంపి చదివించారు. 1854లో ఆంగ్ల వ్యాసరచనకు 500 రూపాయల బహుమతి పొందారు. ఒక రూపాయి జీతగానికి అది ఎంతటి నిధియో మీరే ఊహించండి.

తరువాత జిల్లా మునసబుగా, దక్షిణ కన్నడలో న్యాయాధికారిగా, మద్రాసులో పోలీసు మెజిస్ట్రేటుగా, స్మాల్ కాజెస్ కోర్టు న్యాయమూర్తిగా మెట్టు మెట్టుగా ఎదిగారు. ఉద్యోగం చేస్తూనే న్యాయశాస్త్ర పట్టం సంపాదించారు. 1878లో మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ న్యాయమూర్తి అయ్యారు. దొరల పత్రికలు ఆ నియామకాన్ని తీవ్రంగా ఆక్షేపించగా, వాటికి సమాధానం చెప్పడానికి ఆరుగురు యువకులు అదే సంవత్సరం సెప్టెంబరు 20న ‘ది హిందూ’ పత్రికను ప్రారంభించారు. అయ్యర్ గారు మాత్రం తీర్పులతోనే సమాధానం చెప్పారు. 1893లో కొంతకాలం ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ఉండి, సర్ బిరుదుతో గౌరవింపబడి, 1895 జనవరిలో పరమపదించారు.

వారు పీఠంపై ఉన్న ఆ రోజులలోనే, గడువు మీరి వచ్చిన అప్పీలును స్వీకరించడం గురించి మద్రాసు హైకోర్టు ఒక సూత్రాన్ని స్థాపించింది. 1890 నాటి మద్రాసు తీర్పుల 13వ సంపుటంలో అది చేరింది. దాని భావమిది: కక్షిదారుని యందు నిర్లక్ష్యము, అలసత్వము, దురుద్దేశము లేనప్పుడు ‘తగిన కారణము’ అనే మాటకు ఉదారంగా అర్థం చెప్పాలి, అసలు న్యాయం నెరవేరాలి. అప్పటి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ హైకోర్టు పరిధిలోనివే. స్వాతంత్ర్యానంతరం సుప్రీంకోర్టు కూడా ఈ సూత్రాన్ని గౌరవించింది.

దావాలకు వర్తించే విధానం 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ తొమ్మిదవ ఆర్డరులో ఉన్నది. ప్రతివాది హాజరై వాది పక్షం రాక దావా కొట్టివేస్తే, అదే కారణంపై కొత్త దావా వేయడానికి వీలులేదు. 30 దినాలలో తగిన కారణం చూపి పునరుద్ధరణ కోరాలి. గడువు మీరితే ఆలస్యాన్ని క్షమించమని వేరే పిటిషను వేసి, జాప్యానికి కారణం వివరించాలి. 1981లో వకీలు గైర్హాజరుతో కొట్టివేయబడిన ఒక అప్పీలును సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. వకీలును నమ్మి బాధ్యత అప్పగించిన అమాయకుడు ఆ వకీలు లోపానికి బలి కారాదన్నది ఆ తీర్పు సారాంశము.

అయితే దీనిని ఆసరా చేసుకొని ధర్మకర్తలు నిద్రపోరాదు. ఏళ్ల తరబడి దావా మాట ఎత్తని వారికి వకీలుపై నెపం వేసినంత మాత్రాన న్యాయస్థానం కనికరించదు. వాయిదా తేదీలను ఆలయ పుస్తకంలో వ్రాయించండి. ప్రతి వాయిదా తరువాత ఏమి జరిగిందో కనుక్కోండి. కొట్టివేత తెలిసిన నాడే కదలండి. నిత్యదీపంలో చమురు చూసుకొన్నట్లే ఇదీ చూసుకోవలసిన కైంకర్యము.

రాతి కట్టడం శిథిలమైతే జీర్ణోద్ధారణ ఉన్నట్లే, ఒకరి పొరపాటుతో కూలిన న్యాయానికీ ఉద్ధరణ ఉన్నది. అయ్యర్ గారు కూర్చున్న పీఠం నుండి మనకు సంక్రమించిన ఈ భాగ్యాన్ని జాగరూకతతో కాపాడుకొందుము గాక! స్వామివారి కటాక్షము దాతలందరిపై, వారి వంశాలపై సదా ప్రసరించు గాక!

శుభం భూయాత్.