దోమ కడుపులో దొరికిన రహస్యం: సర్ రోనాల్డ్ రాస్

మలేరియా అన్న మాటకు అర్థం చెడుగాలి. బురదనేలల నుండి లేచే విషవాయువే ఈ చలిజ్వరానికి మూలమని శతాబ్దాల తరబడి వైద్యులు నమ్మారు. క్వినైన్‌తో జ్వరాన్ని తగ్గించగలిగేవారు గాని, అది ఏ దారిన వస్తున్నదో ఎరుగరు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తంలో ఒక పరాన్నజీవిని చూశారు. అది రక్తంలోకి ఎలా ప్రవేశిస్తున్నదన్న ప్రశ్నకు సమాధానం మన జంటనగరాలలోనే లభించడం విశేషం.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యాధికారి. కవిత్వం మీద, సంగీతం మీద మక్కువగల ఆ యువకుడు తండ్రి మాట కాదనలేక లండనులో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ ఆయనకు సూక్ష్మదర్శినిలో ఆ పరాన్నజీవిని చూపి, దోమలను అనుమానించమన్నారు.

1895లో రాస్ సికిందరాబాదు చేరారు. దోమలు చచ్చిన నీరు త్రాగితే వ్యాధి వస్తుందని మాన్సన్ ఊహ. ఆ ఊహ పొరపాటు. రాస్ కోసి చూసిన దోమలూ వేరే జాతివి. రెండేండ్ల శ్రమ వృథా అయినట్లే తోచింది. ఎండకాలంలో గాలికి దోమలు చెదరిపోతాయని పంఖా కూడా ఆపించి, చెమటలు కారుతుండగా ఆయన పని సాగించారు. ఈ ఓపిక సామాన్యమైనది కాదు.

1897 ఆగస్టులో, రెక్కలపై మచ్చలు గల మరొక జాతి దోమలు చేతికి వచ్చాయి. హుసేన్ ఖాన్ అనే రోగి వాటిచేత కుట్టించుకున్నాడు. దోమకొక అణా ప్రతిఫలం! ఆగస్టు 20న అటువంటి దోమ కడుపు గోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణాలు కనిపించాయి. అవి పరాన్నజీవి పెరుగుదలలోని ఒక దశ. ఆ అనాఫిలిస్ జాతి దోమే మలేరియా వాహకం.

అంతలోనే ఆయనకు రాజపుతానాకు బదిలీ! 1898లో కలకత్తాలో, మహమ్మద్ బక్ష్ మొదలైన సహాయకులతో పక్షుల మలేరియాను పరిశీలించి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా వ్యాపిస్తుందని నిరూపించారు. మనుషుల మలేరియాలో ఈ చక్రాన్ని ఇటలీలో గ్రాసీ బృందం పూర్తిగా చూపింది. గ్రాసీతో రాస్ సాగించిన కలహం మాత్రం ఆయన కీర్తికి వన్నె తేలేదు.

1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ ఏడే సూయజ్ కాలువ ఒడ్డున ఇస్మాయిలియాలో దోమల నీటిగుంటలను తొలగించే పనికి ఆయన సలహా ఇచ్చారు. మందు కోసం చూసే వైద్యం గుంట పూడ్చడం వైపు మళ్ళింది. గణితంలోనూ కృషిచేసి, దోమలన్నిటినీ చంపనక్కరలేదని, వాటి సంఖ్య ఒక హద్దుకు దిగువన ఉంటే చాలునని లెక్కగట్టారు. 1932 సెప్టెంబరు 16న లండనులో కన్నుమూశారు.

జూబిలీహిల్స్‌కు అంత దూరం కాని బేగంపేటలో ఆయన పరిశోధన సాగిన భవనం ఆయన పేరిటనే నిలిచి ఉంది. అణాకొక కాటు భరించిన హుసేన్ ఖాన్ పేరు కూడా రాస్ వ్రాతల ద్వారానే మనకు దక్కింది.