మైకేల్ డావిట్టు

బాయికాటు అను మాట నెరుగని విద్యార్థి మనలో నుండడు. విదేశవస్త్ర బహిష్కార దినములనుండి అది తెలుగుమాటయే యైపోయినది. కాని యది యొక మనుష్యుని యింటిపేరనియు, దాని నట్లు మార్చిన రైతుసంఘమును స్థాపించినవారిలో ముఖ్యుడు ఒంటిచేతివాడనియు ఎరిగినవారు కొలదిమందియే. ఆ యొంటిచేతివాడే మైకేల్ డావిట్టు.

ఇతడు 1846వ సంవత్సరము మార్చి 25వ తేదీన ఐర్లండు దేశపు పడమటి భాగమున, మేయో మండలములోని స్ట్రేడు అను పల్లెలో జన్మించెను. అవి ఘోరమైన కరవుదినములు. బంగాళాదుంపపంట తెగులుచే నశింపగా సుమారు పదిలక్షలమంది ఆకలికిని జ్వరములకును బలియైరి. దేశమునందలి భూమి చాలవరకు, పూర్వము ఆంగ్లప్రభువులు జయించి పంచిపెట్టిన కుటుంబముల వశమున నుండెను. ఆ భూస్వాములలో ననేకులు ఇంగ్లండులో నివసించుచు, ఏజెంట్లచే కౌలు వసూలు చేయించుకొనుచుండిరి. రైతు రాతినేలను చెమటోడ్చి బాగుచేసినచో వానికి దొరకు బహుమానము కౌలు హెచ్చుటయే. బాకీపడినచో ఇల్లు విడిచిపోవలసినదే. 1850లో డావిట్టు కుటుంబమున కట్లే జరిగెను. నాలుగేండ్ల బాలుడు తమ యిల్లు పాడగుట కన్నులార చూచెను. దరిద్రశాలకు పోగా, అచ్చట మగపిల్లలను తల్లినుండి వేరుచేయుదురని విని, ఆ యిల్లాలు పిల్లల చేతులు పట్టుకొని వెంటనే వెలుపలికి వచ్చెను.

వారు సముద్రము దాటి ఇంగ్లండులోని హాస్లింగ్డెన్ పట్టణము చేరిరి. మైకేలు నూలుమిల్లులో పనికి కుదిరెను. 1857 మే నెలలో, పదునొకండేండ్ల ప్రాయమున, కుడిచేయి యంత్రములో చిక్కి నలిగిపోగా వైద్యులు దానిని తీసివేసిరి. పరిహారముగా ఒక్క పెన్నీయైన ముట్టలేదు. జాన్ డీను అను ధనికుడొకడు కనికరించి ఆ కతోలిక బాలుని వెస్లియన్ సంఘమువారి పాఠశాలలో చేర్పించెను. చేయి పోనిచో వానికి చదువు లభించి యుండునా యని, ఉపాధ్యాయుడనగు నేను పలుమారు తలంచుచుందును.

యౌవనమున నితడు ఆయుధములతో ఐర్లండును విడిపింపగోరిన ఫీనియనుల రహస్యసంఘములో చేరెను. తుపాకులు చేరవేసిన నేరమునకై 1870లో పదునైదేండ్ల కఠినశిక్ష పడెను. డార్ట్‌మూరు చెరసాలలో ఒంటిచేతితో రాళ్లు పగులగొట్టెను, బండి లాగెను. ఏడేండ్లు గడచిన పిమ్మట, 1877 డిసెంబరులో, షరతులపై విడుదలయయ్యెను. రహస్యసంఘపు తుపాకులు పల్లెరైతు కౌలును దమ్మిడీయైన తగ్గించియుండలేదు. ఇక బహిరంగముగా, లక్షలమంది కలిసి చేయదగిన పని కావలెనని అతడు నిశ్చయించుకొనెను.

అంతలో పంటలు మరల చెడెను. 1879 ఏప్రిలు 20వ తేదీన మేయోలోని ఐరిష్‌టౌనున వేలకొలది రైతులు సభచేసిరి. దానిని సమకూర్చినవాడు డావిట్టు. అక్టోబరు 21వ తేదీన డబ్లిన్ నగరమున ల్యాండ్ లీగు స్థాపింపబడెను. పార్నెల్ అధ్యక్షుడు, అతడు స్వయముగా ప్రొటెస్టంటు భూస్వామి యగుట గమనింపదగినది. డావిట్టు కార్యదర్శులలో నొకడు.

మరుసటి యేడు మేయోలో ఎర్న్ ప్రభువుయొక్క ఏజెంటగు కాప్టెన్ బాయికాటు, కౌలు తగ్గింపుమని కోరిన రైతులపై ఇండ్లు ఖాళీచేయు నోటీసులు జారీచేయించెను. అతనిని ఎవ్వరును కొట్టలేదు. కూలీలు పొలము విడిచిరి. కమ్మరి గుఱ్ఱమునకు లాడము వేయడయ్యె. చాకలిది బట్టలు ముట్టదయ్యె. అంగడివాడు సరకు అమ్మడయ్యె. పంట కోయుటకు ఉత్తర మండలములనుండి ఏబదిమందిని రప్పింపగా, వారి కావలికి సుమారు వేయిమంది సైనికులును పోలీసులును వలసివచ్చిరి. సుమారు 500 పౌనుల పంటకై 10,000 పౌనులు వ్యయమయ్యెనని లెక్క. కాప్టెను ఐర్లండు విడిచిపోయెను. డావిట్టు అప్పుడు లీగు పనిమీద అమెరికాలో నుండెను. నాయకుడు లేకయే పల్లె ఈ పని చేసెను. మన గ్రామములలో వెలివేత బలవంతుడు బలహీనునిపై ప్రయోగించు నాయుధము. మేయోలో అది చేయి మారినది.

అయినను అన్నియు ఇంత శాంతముగా జరిగెనని వ్రాసినచో అబద్ధమగును. కొన్నిచోట్ల రాత్రివేళ కాల్పులు జరిగెను, పశువులు హింసింపబడెను. డావిట్టు వానిని ఖండించుచునే యుండెను. 1881 ఫిబ్రవరిలో ప్రభుత్వము అతని షరతు విడుదలను రద్దుచేసి మరల చెరలో నుంచెను. అతడు చెరలో నుండగానే, ఆ యేటి ఆగస్టులో, న్యాయస్థానములే తగిన కౌలు నిర్ణయించునట్లు చట్టమయ్యెను. 1882 మే 6వ తేదీన అతడు విడుదలయయ్యెను. ఆ సాయంకాలమే డబ్లిన్ ఉద్యానవనమున రహస్యసంఘమువారు ఇద్దరు ప్రభుత్వోద్యోగులను కత్తులతో పొడిచి చంపిరి. ఒకప్పుడు తుపాకులు మోసిన డావిట్టే ఆ హత్యను నిందించు ప్రకటనను వ్రాయుటకు ముందుకు వచ్చెను. తన పాతమిత్రులలో కొందరికి శత్రువగుదునని ఎరిగియే వ్రాసెను.

భూమి దేశమునకంతకును చెందవలెనని అతని మతము. తోడివారు అందుకు సమ్మతింపలేదు. 1903 నాటి చట్టము, సర్కారు అప్పుతో రైతులే పొలములు కొనుక్కొనునట్లు చేసెను. భూస్వాములకు ముట్టిన వెల అధికమని అతడు విమర్శించెను. అంతకుముందు, 1899లో, బోయరు యుద్ధమును నిరసించి పార్లమెంటు సభ్యత్వమును విడిచెను.

1906 మే 30వ తేదీన, పన్ను తీయించుకొనుటచే గలిగిన రక్తదోషమువలన, డబ్లిన్ నగరమున మరణించెను. దేహమును స్ట్రేడునకు కొనిపోయి, అతడు పుట్టిన యింటి సమీపముననే సమాధిచేసిరి.